సవతితో వెళ్ళిన ఇల్లాలు

పడవెక్కి వెళ్ళిన మా ఇంటి మహారాణికి ఒడ్డున మిగిలిపోయిన మొగుడు రాయునది ఏమనగా, నేనూ అమ్మాయీ కులాసా. అక్కడ నువ్వూ, మీ చెల్లీ, పడవా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మరీ అంత కులాసా పనికిరాదని నా అభిప్రాయం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కుండీల్లో మొక్కలకు అమ్మాయి నీళ్ళు పోస్తోంది. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఫ్రిజ్ ఎలా వాడాలో చెప్పే ఆ కంపెనీవాళ్ళ పుస్తకం రాయడం పూర్తయిందా అన్నావు. "తలుపు గట్టిగా వేయరాదు" అనేచోట ఆగింది. ఇదివరకు గాలి బాగుందని రాత ఎగ్గొట్టేవాణ్ణి, గడువు ముంచుకొచ్చిందని పడవ ఎగ్గొట్టేవాణ్ణి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషినని వెక్కిరించేదానివి. ఇప్పుడు ఒక్క పడవా లేదు, అయినా కలం కదలడం లేదు. కిటికీ అవతల ఆరేసిన దుప్పటి గాలికి తెరచాపలా ఉబ్బితే చాలు, ఒళ్ళు మండిపోతోంది.

మండదా మరి! ఏళ్ళ తరబడి పటాలు పరుచుకుని, లైట్‌హౌస్ కొండ చుట్టి వచ్చే ఆ ప్రయాణం గీసుకున్నది నేను. తీరా బయల్దేరేముందు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నదీ నేనే. "సెలవు పెట్టేశాను, ఊరికే పోనిస్తానా? చెల్లిని తీసుకెళ్తా" అని నువ్వంటే, కడుపులో తిప్పి మర్నాడే తిరిగొస్తారులే అని నవ్వి ఊరుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ పడవను నా సవతి, నా సవతి అని ఆడిపోసుకున్నదానివి, ఆ సవతితోనే చెట్టాపట్టాలేసుకుని వెళ్ళిపోయావు.

నీ ఉత్తరాలు అమ్మాయి భోజనాల దగ్గర పైకి చదువుతుంది. "నాన్నా, అమ్మ చుక్కాని పట్టుకుని పాటలు పాడిందట!" అని నా మొహంలోకి చూస్తుంది. నేను పచ్చడి ఇటు జరపమంటాను. రేవుకు వెళ్తే, తెరచాపలు కుట్టే గడ్డమాయన నా చేతికున్న కట్టు వంక చూడనైనా చూడడు. "మేడమ్ ఎక్కడిదాకా వెళ్ళారు సార్? ఆ గాలిలో రేవు చేర్చారంటే మాటలా!" అంటాడు. పత్రిక ఎడిటర్‌దీ అదే పాట. ఆ ప్రయాణం మీద వ్యాసాలు రాస్తానని ఒప్పుకున్నది నేనైతే, "పోనీ మీ ఆవిడ రాయరా?" అని ఫోన్ చేశాడు. "ఆవిడకు తీరిక లేదండీ" అని పెట్టేశాను. కోప్పడితే కోప్పడు.

ఇక నా పాత వ్యాసంలో నువ్వు పట్టిన తప్పు. వెనక నుంచి గాలి తోస్తున్నప్పుడు పడవను ఎలా తిప్పాలో నేను రాసింది చదివి, అచ్చం అలాగే చేశావట. తెరచాప కింది కర్ర ఒక్క ఊపున ఇటునుంచి అటు విసురుగా వచ్చి మరదలి తల పగలగొట్టబోయిందట. "ముందు ఆ కర్రకు కట్టిన తాడు లాగి పట్టుకోవాలని రాయలేదేం బావా, నన్ను చంపుదామనా?" అని నీ ఉత్తరం కింద అది కూడా ఒక ముక్క గీకింది.

నువ్వే సరిగ్గా చదవలేదనుకుని పత్రిక తీసి చూశాను. నిజంగానే తాడు ఊసే లేదు. ఇన్నేళ్ళుగా పడవ నడుపుతున్నవాణ్ణి, అంత పెద్ద సంగతి ఎలా వదిలేశానా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఎప్పుడో నేర్చుకున్నదే. కానీ నా చేత్తో చెయ్యాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నేను "తిప్పుతున్నా" అనేలోపే నువ్వు పడవ ముందువైపు కూర్చుని ఆ తాడు లాగేసేదానివి. నువ్వు చెప్పలేదు, నేను చూడలేదు. పడవ అంత మెత్తగా తిరుగుతుంటే నా చేతి మహిమ అనుకున్నాను.

ఒక ప్రశ్న మిగిలింది. "మీ చెయ్యి ఎలా ఉంది? చెల్లి సెలవు అయిపోతోంది. మీరు వస్తే చుక్కాని మీకే ఇచ్చేస్తా, లైట్‌హౌస్ కొండ చుట్టి వద్దాం. రాలేకపోతే ఎవరో ఒకరి సాయంతో ఇక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతా" అని రాశావు. దీనికి జవాబు చివరికి నెట్టాను, సిగ్గేసి.

కట్టు ఎప్పుడో విప్పేశారు. తాడు లాగొచ్చని డాక్టర్ కూడా చెప్పాడు. నేనే పాత పట్టీ ఒకటి చుట్టుకుని, ఇంట్లో అమ్మాయినీ రేవులో గడ్డమాయననీ నమ్మించాను. ఎందుకంటావా? నేను చుట్టని కొండను నువ్వు చుట్టకూడదని. నేను రాకపోతే తిరిగొచ్చేస్తుంది కదా, రానీ అని. కుళ్ళు, పచ్చి కుళ్ళు. రాసుకుని బతికేవాడికి కూడా ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

ఆ వ్యాసం చూశాక పట్టీ విప్పి పారేశాను. అమ్మాయికి నిజం చెబితే ముందు నన్ను నాలుగు దులిపింది. ఆ తర్వాత అదే నా సంచి సర్దిపెట్టింది. నేను తిరిగొచ్చేదాకా అమ్మమ్మ దగ్గర ఉంటానంది. ఫ్రిజ్ పుస్తకం వెంట తెస్తున్నాను, గాలి పడిపోయినప్పుడు రాసుకుంటాను.

ఆదివారం బస్సుకు బయల్దేరుతున్నాను. మరదల్ని ఇంటికి పంపించు. పడవ ముందువైపు, నీ చోట నేను కూర్చుంటాను. నేను నోరు తెరవకముందే తాడు లాగాలని నీకెలా తెలిసేదో, అది నేర్పు. కొండ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నాకు ఒళ్ళు మండుతుంది, "ఒక్కసారి చుక్కాని ఇలా ఇవ్వవే" అని చెయ్యి చాపుతాను. నా సంగతి నీకు తెలియనిదా! బతిమాలుతాను, అలుగుతాను కూడా. ఇవ్వకు.

ఇట్లు,
ఇక ముందు కూర్చునే
మీ ఆయన