మధ్యాహ్నం దాకా రాదన్న వాన

ఎర్మీనియా గారికి,

మీ తమ్ముడు ఆల్దో చివరిసారి బస చేసిన కొండసత్రం నాదే. ఆయన సంచీ మీకు చేరిందనుకుంటాను.

కొండల చుట్టూ సత్రం నుంచి సత్రానికి సాగే పది రోజుల నడకలో ఆయనకది ఆరో రోజు. పొద్దున అందరినీ నవ్వించారు. "ఇంకో పూట మీ మొక్కజొన్న సంకటి తిన్నానంటే కొండెక్కను, దొర్లుతాను" అన్నారు. తర్వాత గుమ్మంలో ఆగి, "పెద్దాయనా, ఇవాళ కనుమ దాటొచ్చా?" అని అడిగారు.

"మధ్యాహ్నం దాకా వాన రాదు. వెళ్ళిరా బాబూ" అన్నాను.

తొమ్మిదింటికే మబ్బు దిగి వాన పట్టుకుంది. సాయంత్రం అవతలి సత్రానికి ఫోన్ చేస్తే ఆయన రాలేదన్నారు. మర్నాడు వెతికితే మంచు మీద జారి, లోయలో పడి ఉన్నారు. మోసుకొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎవరినీ అడగకుండా బయల్దేరాడని పోలీసులు విచారణ కాగితంలో రాశారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆయన అడిగారు. వెళ్ళమన్నది నేను.

నాకు ఏడుపు రాలేదు. రోజూ రొట్టె కోస్తున్నాను, దుప్పట్లు మడతపెడుతున్నాను. వాతావరణం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మాత్రం వంటగదిలోకి వెళ్ళిపోతున్నాను.

ఈ ఉత్తరం ఎవరికి చూపించాలనుకుంటే వాళ్ళకు చూపించండి. నేను కాదనను.

సత్రం కాపరి