అన్న పేరున పడిన ఓటు

రాజంపేట,
ఆదివారం.

బంగారు తల్లి కృపారాణికి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలని కోరుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నామని రాయబోయి ఆగిపోయాను. మీ నాన్న ఎప్పుడో పోయె, ఇప్పుడు మీ అన్న జయకుమార్ కూడా పోయె, ఇంక అందరం అంటే ఎవరు? నేను బాగున్నాను. నువ్వు కర్నూల్లో ఆస్పత్రి డ్యూటీలు చేసుకుంటూ వేళకు తింటున్నావని తలుస్తాను.

ఫోన్ చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నామని నువ్వు ఈ ఉత్తరాల పద్ధతి పెట్టావు చూడు, మంచి పని చేశావు. అక్షరాలు కూడబలుక్కుని రాసేసరికి ఏడుపు కాస్త వెనక్కు పోతుంది.

అడిగినవాటికి చెప్తాను. బీపీ మాత్రలు మింగుతున్నాను. బొప్పాయి తోటలో కాయలు కోసే పనికి మళ్ళీ పోతున్నాను. ఎండే, అయినా ఇంట్లో కూర్చునే దానికన్నా అదే నయం. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే పొద్దున పెట్టిన చెంబు పెట్టినచోటే ఉంటుంది. కదిలించే మనిషి లేడు. ఒక్కదానికి వండుకోవడం చేతకావడం లేదమ్మా. గుప్పెడు బియ్యం వేసినా మిగులుతూనే ఉంది.

జయ జ్ఞాపకార్థ కూటం వచ్చే నెల రెండో శనివారం అని పాస్టరు గారు చెప్పారు. నువ్వేమో, "అన్న ఫోను ఎవరి దగ్గర ఉంది? ఎవరో గ్రూపులో అన్న పేరు పెట్టుకుని ఆడుకుంటున్నారు. అది తేలేదాకా నేను ఊరికి రాను" అని రాశావు.

ఎవరో కాదు తల్లీ. నేనే.

లారీ గుద్దిన రోజు నుంచి ఆ ఫోను నా దగ్గరే ఉంది. రోజూ ఛార్జింగ్ పెడతాను. వాడు గీత గీసి తెరవడం చూసి చూసి నాకూ వచ్చింది. నాలుగో ప్లాట్‌ఫారం అనే ఆ పాటలవాళ్ళ అభిమానుల గ్రూపులో ఎవరికీ వాడు పోయిన సంగతి తెలియదు. నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కడప భూపేష్ మాత్రం వాడి కోసం వాయిస్‌లు పెడుతూనే ఉన్నాడు.

"జయన్నా, యాడ పోయినావప్పా? తూనీగలు ఆల్బం గొప్పదా, ఇనుప వంతెన గొప్పదా, ఈ పొద్దు తేలిపోవల్ల. ఓట్లు పెడతాండా. పైది తూనీగలు, కిందిది వంతెన. నువ్వు రాకపోతే మన తూనీగల పక్కోళ్ళు ఓడిపోతారన్నా!"

అంతగా పిలుస్తుంటే వాడు పలకకపోతే ఎట్లా అనిపించింది.

వినకుండా ఓటు వేయకూడదని రెండు ఆల్బములూ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మునుపు మీరు పెడితే ఆ మోత ఆపండని అరిచేదాన్ని. తూనీగలు అంతా ఉరుకులు పరుగులు. వంతెనలో ఆ అమ్మాయి గొంతు దించి, పక్కన కూర్చుని కష్టం చెప్పుకున్నట్టు పాడుతుంది. తూనీగల్లో మూడో పాట నడుమ అన్నీ ఒక్కసారి ఆగుతాయి చూడు, అక్కడ జయ బియ్యం డబ్బా మీద దరువు వేసేవాడు. ఆ దరువు పాటలోదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. పాటలో అక్కడ ఏమీ లేదు.

నిజం చెప్పాలంటే నాకూ నీ వంతెనే నచ్చింది. కానీ దానికి ఓటు వేసింది అందుకు కాదు. బతికి ఉన్నన్నాళ్ళూ వాడు ఈ విషయంలో నీ మాట ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకున్నట్టు కనబడితే నీకు సంతోషం అవుతుందనుకున్నాను. చిన్నప్పుడు మీరు కొట్లాడితే, పెద్దోడివి, చెల్లికి ఇచ్చేయరా అని వాడి చేతిలోది లాగి నీకిచ్చేదాన్ని కదా. అట్లాగే కిందిదాని మీద ఒత్తాను.

గ్రూపంతా గోల. "జయన్న పార్టీ మార్చినాడు రోయ్!" అని ఒకడు. "ఏమప్పా, చెల్లెలు బిర్యానీ తినిపించిందా?" అని ఇంకొకడు. నేనూ నవ్వాను. నీ ఉత్తరం వచ్చాక గాని చేసిన పని తెలియలేదు. "అన్న నాకు లొంగడు. ఆ ఓటు చూసినాకే అన్న ఇంక లేడని నాకు తెలిసింది" అని రాశావు. చెల్లికి ఇచ్చేయమని వాణ్ణి పెంచినదాన్ని, వాడు ఇవ్వకపోవడమే నీకు ఇష్టమని కనిపెట్టలేకపోయాను.

నిన్న గ్రూపులో నేనే మాట్లాడాను. "నాయనా, నేను జయ వాళ్ళమ్మను. జయ లేడు. పోయిన ఎండాకాలంలో పోయినాడు. ఆ ఓటు నేనేసింది" అని చెప్పాను. తర్వాత భూపేష్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ ఓటు ఏం చేద్దాం? తీసేద్దామా?" అన్నాడు.

"తీసేయద్దు నాయనా. మార్చేది ఎట్లనో చెప్పు."

చెప్పాడు. పైదాని మీద ఒత్తాను. తూనీగలు ఒక్క ఓటుతో గెలిచింది. మీ వంతెనవాళ్ళు ఒక్కరూ ఎదురు చెప్పలేదు. నా మీద జాలితో ఊరుకున్నారు. అది నాకు బాగాలేదు. వాడి పాటకు జాలి గెలుపు ఎందుకు?

ఎదురు చెప్పాల్సినదానివి నువ్వు. కూటానికి రా. భూపేష్ కూడా వస్తానన్నాడు. పాస్టరు గారు వెళ్ళాక కూర్చుని, తూనీగలు ఎందుకు గొప్పది కాదో ఎంతసేపైనా చెప్పు. వాడి పక్షాన నేనుంటాను. చెల్లెలివని చూడను, లొంగను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ.