పందిరి మీదవి, రేకుల మీదవి

26 మార్చి 1994, శనివారం

వేరుశెనగ పీకడం ఇవాళ మొదలుపెట్టాం. పొలం పనికి వచ్చే మేవిస్, నేను పీకాం. మా ఆయన సోనీ మట్టి దులిపి, కాయలు పైకి వచ్చేలా మొక్కల్ని తిరగేసి పరిచాడు. గొడవ ఆరబెట్టే దగ్గర వచ్చింది.

డర్బన్‌కి ఉత్తరాన, స్టాంగర్ దగ్గరి ఈ పొలం ముక్క మా నాన్నది. ఆయన ఉన్నప్పటి నుంచీ ఇక్కడ కాయలు పందిరి మీదే ఆరతాయి. నీలగిరి కర్రలు పాతి, వైర్ లాగి, మొక్కల్ని వేలాడదీస్తాం. ఆకుల నీడలో, గాలికి, నెమ్మదిగా. సోనీ ఈసారి కోళ్ల షెడ్ మీది జింకు రేకులు విప్పి తెచ్చాడు. వాటి మీద పరిస్తే వారంలో అయిపోతుందట.

"వాట్ ఫర్ వెయిట్ చేసేది, వసంతీ? ఎండ ఫ్రీయే గదా," అన్నాడు.

ఎప్పుడూ ఏదీ తొందరగా చేసిన మనిషి కాదు. చెరిసగం చేసి ఏది మంచిదో చూద్దామన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు. అది నాకు నచ్చలేదు.

30 మార్చి

రేకుల మీది కాయ ఊపితే అప్పుడే గలగలమంటోంది. పందిరి మీదవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. సోనీ నవ్వాడు.

రెండు వైపులవీ ఒలిచి చూశాను. రేకుల మీదవి వేళ్లతో నలిపితే ఎర్రపొర జారిపోయి, పప్పు రెండుగా విడిపోయింది. అమ్మడానికి పరవాలేదు. విత్తనానికి పనికిరావు. ఆ మాటే చెప్పాను. రేడియో సౌండ్ పెంచాడు.

4 ఏప్రిల్

పందిరి పలచబడింది. చెరకు తోట వైపు వైర్ బోసిగా ఉంది. కోతులైతే కింద తొక్కలు ఉంటాయి. లేవు.

ఇది మేవిస్ పనే అన్నాడు సోనీ. ఎలక్షన్ వస్తోంది కదా, ఇక అంతా తమదే అనుకుంటున్నారట నల్లవాళ్లు. మేవిస్ ఎన్నో ఏళ్లుగా మా పొలంలో పని చేస్తోంది. అయినా సాయంత్రం వెళ్లేటప్పుడు ఆమె సంచీ వైపు చూశాను.

నేను చూడటం ఆమె చూసింది.

5 ఏప్రిల్

మేవిస్ రాలేదు.

7 ఏప్రిల్, మధ్యాహ్నం

షాప్‌కి వెళ్తున్నానని చెప్పి, చెరకులోంచి వెనక్కి వచ్చాను. పందిరి దగ్గర సోనీ. నా మొక్కలు దింపి, చేతుల నిండా మోసుకెళ్లి రేకుల మీద పరుస్తున్నాడు. ఈల కూడా వేస్తున్నాడు.

మన కాయలు మనమే ఎత్తుకుపోవడం ఏమిటి? పైగా ఆ నింద మేవిస్ మీద వెయ్యడం ఏమిటి? అతను చూడకముందే ఇంట్లోకి వచ్చేశాను.

8 ఏప్రిల్

రొట్టెల పిండి కలుపుతుంటే తట్టింది. విత్తనం అక్కర్లేని మనిషికి వచ్చే ఏటి పంట అక్కర్లేదు.

చేతులకి పిండి అలాగే ఉండగా వెళ్లి అడిగాను. వచ్చేసారికి విత్తనం ఏదయ్యా అని. షాప్‌లో కొంటానన్నాడు. ఏ షాప్ అన్నాను. మెట్టు మీద కూలబడి అంతా బయటపెట్టాడు.

డర్బన్ శివారు ఫీనిక్స్‌లో వాళ్ల అన్న కిష్టసామి బావగారు మాకు ఇల్లు చూసిపెట్టారట. డర్బన్ మనిషెవరో మా భూమి అడుగుతున్నాడట. ఓట్లకి ముందే పొలం ఖాళీగా కావాలట. ఓట్లయ్యాక కొత్త గవర్నమెంటు భూములు ఎలాగూ లాక్కుంటుందని బావగారి మాట.

"పోయినాక ఏడిస్తే ఏమొస్తది? నీకోసరమే గదే," అన్నాడు. అది భయమో, నాటకమో తేల్చుకోలేకపోయాను.

భూమి నా పేరున ఉంది. పొలం ఖాళీ అయితే నేనే మెత్తబడి సంతకం పెడతానని అనుకున్నాడు. పెట్టనన్నాను. మేవిస్ పేరు ఎందుకు చెప్పావన్నాను. లేచి కోళ్ల షెడ్ వైపు వెళ్లిపోయాడు.

9 ఏప్రిల్

మేవిస్ ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడింది. జరిగింది చెప్పాను.

"హాయిబో, అమ్మా! ఆయన ఏదో అన్నాడు సరే. నా బ్యాగ్ వైపు చూసింది నువ్వు," అంది.

సోమవారం పనికి వస్తానంది. నాతో టీకి మాత్రం కూర్చోదట.

16 ఏప్రిల్

సోనీ బక్కీ ట్రక్కులో బట్టలు వేసుకుని ఫీనిక్స్ వెళ్లిపోయాడు.

27 ఏప్రిల్

తెల్లవాళ్లతో సమానంగా, నా జీవితంలో మొదటి అసలైన ఓటు. క్యూ స్కూల్ గేటు దాటి, రోడ్డు దాటి, ఎక్కడికో పోయింది. మేవిస్ నాకు సరిగ్గా ముందుంది. వెనక్కి తిరగలేదు. ఎండ ముదిరాక తన గొడుగు కొంచెం వెనక్కి వంచింది. సగం నీడ నా మీద పడింది.

14 మే

పందిరి మీద మిగిలినవాటిలో కొన్ని, రేకుల మీదవి కొన్ని వేరువేరు తడి గోనెల్లో చుట్టి చూశాను. పందిరివి దాదాపు అన్నీ మొలకెత్తాయి. రేకులవి చాలావరకు కుళ్లి కంపు కొట్టాయి. మిగిలిన పందిరి కాయలన్నీ విత్తనానికి దాచాను. తాళం వేశాను.

25 జూన్

సోనీ వచ్చాడు. ఎవరూ ఎవరి భూమీ లాక్కోలేదు. డర్బన్ మనిషి వేరే చోట కొనుక్కున్నాడట. ఫీనిక్స్‌లో పక్కింటివాళ్లు దగ్గితే మంచం మీదికి వినబడుతుందట. సారీ అన్నాడు. అన్నం పెట్టాను. అతను నిద్రపోయాక అమ్మకం కాగితాల కోసం బక్కీ అంతా వెతికాను. ఏమీ లేదు. అయినా నమ్మకం కుదరలేదు.

15 అక్టోబర్

వాన పడింది. విత్తనం వేశాం. తను వెనక నడుస్తూ గింజలు వేస్తానన్నాడు. వద్దన్నాను. చాలు తీస్తూ నా ముందే నడవమన్నాను, కనిపిస్తూ ఉండేలా.