మూత పెట్టిన గిన్నె

సైపాన్ దీవి
మార్చి 3, 1976

ప్రియమైన కినూ,

క్షేమంగా చేరాను. విమానం నిండా కొత్తగా పెళ్లయిన జంటలే. యుద్ధంలో ఇక్కడ పోయిన మన జపాన్ సైనికుల ఎముకలు ఏరడానికి మేము, హనీమూన్‌కి వాళ్లు. విమానమూ ఒకటే, హోటలూ ఒకటే. నిన్న సముద్రం ఒడ్డున తుప్పుపట్టిన మన టాంకు దగ్గర ఒక కుర్రాడు నన్ను పిలిచి, "బాబాయిగారూ, మా ఇద్దరికీ ఒక ఫొటో తీసిపెట్టరా" అన్నాడు. పెళ్లికూతురు ఫిరంగి గొట్టం మీద చెయ్యేసి నవ్వింది. తీశాను. అందులో ఎవడు మాడిపోయాడో వాళ్లకేం తెలుసు? తెలిసినా నవ్వక ఏం చేస్తారులే.

రేపటి నుంచి కొండమీద గుహలు వెతకాలి. ఒకుమురాగారని, అన్నయ్య దళంలో ఉండి బతికి బయటపడ్డ మనిషి, దారి చూపిస్తున్నాడు. ఇప్పుడు మన గిఫు పట్నంలోనే గొడుగుల వ్యాపారమట.

నువ్విచ్చిన బావినీళ్ల సీసా భద్రంగా ఉంది. పోయినవాళ్లంతా దాహంతో పోయారు కదా, ఇక్కడ అందరి సంచుల్లోనూ సొంతూరి నీళ్లే. సీసాని తువ్వాళ్లలో పసిపిల్లని చుట్టినట్టు చుట్టావు. నా చొక్కాలు మాత్రం ఉండచుట్టి కుక్కావు. అనకూడదు గానీ, నాకిది అలవాటే. ముప్పై ఏళ్లుగా మనింట్లో వేడన్నం మొదటి గిన్నె అన్నయ్య ఫొటోకి, ఆ తర్వాతే నాకు.

నీ
యసుజో


మార్చి 10

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. చొక్కాలు నేను మడతపెట్టే సర్దాను. విసనకర్ర కనబడలేదని బయలుదేరేముందు సంచంతా కెలికింది ఎవరో గుర్తు చేసుకోండి.

పెర్సిమన్ పళ్లచెట్లకి కొమ్మలు కత్తిరించడం నేనే మొదలుపెట్టాను. నిచ్చెన ఎక్కవద్దని మీరు చెప్పారు, ఎక్కాను. పడితే వచ్చి తిడుదురుగాని. పక్కింటి హమా కంచె దగ్గర నిలబడి, "ఏమే, మొగుణ్ణి తెమ్మని మొగుణ్ణే పంపావటగా" అని ఒకటే నవ్వు. ఊరంతా ఇదే వేళాకోళం. నేనూ నవ్వాను.

నీళ్లు పోసేటప్పుడు ఆయన పేరు గట్టిగా పిలవండి. మీ మాట సగం గొంతులోనే ఉండిపోతుంది. ఎండలో టోపీ తీయకండి.

మీ
కిను


మార్చి 15

ప్రియమైన కినూ,

గుహ దొరికింది. మసిబారిన గోడలు, పగిలిన సీసాలు, బూట్ల అడుగులు, ఎముకలు. ఎవరివేవో ఆ దేవుడికే తెలియాలి. బయట నిలబడి అందరూ తమవాళ్లని పేరుపెట్టి పిలిచారు. నలభై ఏళ్ల మనిషి ఒకాయన "నాన్నా, ఇంటికి పోదాం రా" అని పసివాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

నా వంతు వచ్చింది. సీసా చేతిలోకి తీసుకున్నాను. నేను ఫలానా సెయ్‌కిచి తమ్ముణ్ణని చెప్పగానే ఒకుమురాగారు నా భుజం పట్టుకున్నాడు. "ఆ తమ్ముడివి నువ్వేనా! ఓడెక్కిన రోజు మేమంతా ఇంటి మీద బెంగతో చస్తుంటే మీ అన్న ఒక్కడే నవ్వాడయ్యా. 'నాకేం దిగుల్లేదురా. పొలం, ఇల్లు, పెళ్లాం, అన్నీ తమ్ముడికి అప్పజెప్పి వచ్చా. నేను తిరిగి రాకపోతే దాన్ని వాడికే ఇచ్చి చెయ్యమని నాన్నతో చెప్పేశా' అన్నాడు. ఎంత ముందుచూపో చూడు" అన్నాడు.

కినూ, మన పెళ్లి నాన్న ఆలోచన అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ సంగతి ముందే తెలిస్తే నా బతుకు ఇంకోలా ఉండేది. ఆయన చెప్పులు తొడుక్కుని, ఆయన కొడవలి పట్టుకుని, ఆయన ఫొటో ముందు దొంగలా తలవంచుకుని తిన్నానే! ఎవరూ నాకొక్క మాట చెప్పలేదే! ఒళ్లు మండిపోయింది. పేరు పిలవలేదు. నీళ్లు పోయలేదు. అందరూ చూస్తుండగా సీసా ఎత్తి గటగటా తాగేశాను. ఒకావిడ "అయ్యయ్యో, అవి పోయినవాళ్ల నీళ్లండీ" అంది. "నేను మాత్రం బతికున్నానా" అన్నాను.

ఒక్కటే అడుగుతాను, నిజం రాయి. రేపు నువ్వు పోతే మన ఇంటి సమాధిలో నీ బూడిద ఎవరి పక్కన పెట్టాలి? ఆయన వస్తే ఇక నాకు అందులో చోటుందా?

యసుజో


మార్చి 23

ప్రియమైన కినూ,

నీ జవాబు రాలేదు. రోజూ హోటలు గుమాస్తాని అడుగుతున్నాను. నన్ను చూడగానే వాడే తల అడ్డంగా ఊపుతున్నాడు. నీళ్లు తాగినందుకు కోపం వచ్చిందా?

వచ్చే నెల రెండో వారంలో ఒడ్డున చితి పేర్చి ఎముకలన్నీ కలిపి కాలుస్తారు. ఆ బూడిద ఏ ఒక్క ఇంటికీ ఇవ్వరు. కావలసినవాళ్లు గుహలోంచి ఒక రాయి తీసుకెళ్లవచ్చట. అప్పట్లో అన్నయ్య అస్థికలని చెప్పి సైన్యం తెల్లగుడ్డ చుట్టి మనకిచ్చిన పెట్టెలోనూ గులకరాయే కదా ఉంది. తేనా, వద్దా? నువ్వు చెప్పనిదే ఏదీ చెయ్యను. నా అంతట నేను ఎప్పుడేం చేశాను గనక.

యసుజో


మార్చి 30

ప్రియమైన యసుజో,

ఈ ఒక్క ఉత్తరంలో నిన్ను నువ్వనే అంటాను. వదినగా ఈ ఇంటికి వచ్చినప్పుడు అలాగే అనేదాన్ని. నాకంటే రెండేళ్లు చిన్నవాడివి.

ఒకుమురాగారు చెప్పింది నాకు కొత్త కాదు. మీ అన్న ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. వీడ్కోలు భోజనాల్లో అందరికీ బియ్యపు సారా, సాకే పోస్తున్నాను. నువ్వు బయట బండి కడుతున్నావు. "నేను రాకపోతే కినుని యసుజోకి చేసెయ్యండి నాన్నా. పనిమంతురాలు, బయటికి పోనివ్వకండి" అన్నాడు. మామగారు తలూపారు. నేను పోస్తున్న సాకే కప్పు నిండి చాప మీద ఒలికింది. "జాగ్రత్త" అన్నాడు మీ అన్న. సాకే గురించి.

యుద్ధం రోజుల్లో ఆయన పేరిట పళ్లెం పెట్టి, కాసేపాగి గిన్నె మూత ఎత్తి చూసేదాన్ని, గుర్తుందా? మూతకి ఆవిరిచుక్కలు పట్టి ఉంటే దూరాన ఉన్న మనిషి క్షేమమని అందరిళ్లలోనూ చూసుకునేవాళ్లం. అంత మాట అనిపించుకుని కూడా పొద్దున్నే చుక్కల కోసం చూశాను, పిచ్చిదాన్ని. తర్వాత పెట్టె వచ్చింది. ఆ తర్వాత మన పెళ్లి చేశారు. పెళ్లి మర్నాటి నుంచి ఈరోజు దాకా ఆ గిన్నెలో నేను పెడుతున్నది ముందురోజు మిగిలిన చల్లటి అన్నం. పొయ్యిమీంచి దించిన మొదటి గిన్నె నీదే. ముప్పై ఏళ్లు ఆ పళ్లేన్ని చూసి కుళ్లుకున్నావే గానీ ఒక్కనాడైనా మూత ఎత్తి చూడలేదు. ఎత్తితే ఒక్క చుక్క కూడా కనబడేది కాదు.

సంబరపడకు. అది నీ మీద ప్రేమ కాదు, ఆయన మీద కసి. నీళ్లు మరి ఎందుకు పంపానంటావా? ఎంత కసి ఉన్నా, దాహంతో పోయాడు. ఆ నీళ్లు పోయించేసి, ఇక ఆ గిన్నె కడిగి బోర్లించేద్దామనుకున్నాను. నువ్వు తాగేశావు. పోనీలే, నీకూ దాహం వేసింది.

ఎవరి పక్కన అని అడిగావు. ఏం కావాలని నన్నడిగిన మొదటి మనిషివి నువ్వే, అదీ నా బూడిద గురించి! మీ అన్న చెప్పాడు, మామగారు తలూపారు, నువ్వూ తలూపావు. మన పెళ్లి ఖాయం చేసిన రోజు బావి దగ్గర నేను బట్టలు ఉతుకుతుంటే వచ్చి చాలాసేపు నిలబడ్డావు. అడుగుతావనుకున్నాను. చేతిలో చొక్కా పిండకుండా అలాగే పట్టుకుని చూశాను. "నాన్న చెప్పాడు" అనేసి వెళ్లిపోయావు. నా కోపం ఆయన ఒక్కడి మీదే అనుకున్నావా ఇన్నేళ్లూ?

రాయి తేవద్దు. ఒకటుంది, చాలు. ఖాళీ సీసాతో రా. వచ్చి, బావి దగ్గర ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడి, నన్ను చేసుకుంటావా అని అడుగు. కాదంటానేమో, నాకూ తెలియదు. అయినా అడుగు.

కిను