కోటు కింద స్వెట్టర్

ఏమండీ,

నా ఒంటిమీద చిన్న గీత కూడా పడలేదు, ముందు ఆ మాట నమ్మండి. నాతో పనిచేసే ఎదురింటి వదిన సెలవు మీద అక్కడికి వస్తోంది. ఆవిడ గోరంతలు కొండంతలు చేయకముందే నేనే రాస్తున్నాను.

మా గోడౌన్‌లో నడిచేవాళ్లు మెరిసే పసుప్పచ్చ కోటు వేసుకోవాలి. పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లవాళ్లకు మేం దూరం నుంచే కనబడాలి కదా. మొన్న చలికి ఆగలేక, మీ గోధుమరంగు స్వెట్టర్ వదులుగా ఉంటుందని ఆ కోటు మీదే తొడిగేశాను. అట్టపెట్టెల మధ్య ఇంకో అట్టపెట్టెనైపోయాను. మలుపు తిరిగిన బండి నాకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ తాత గబగబా బండి దిగొచ్చాడు.

"స్వెట్టర్ కనబడితే చాలా? నువ్వు నాకు కనబడక్కర్లేదా తల్లీ?" అని కేకలేసి, తన ఫ్లాస్కులో టీ నాకే పోశాడు.

అది సరే, వంటింటి కిటికీ రెక్క బాగుచేయించారా? చిన్నదాని పన్ను ఊడిందా, ఇంకా ఊగుతోందా? జడ వేసేటప్పుడు గట్టిగా లాగకండి, ఏడుస్తుంది. దానికి నా ముద్దులు, అత్తయ్యగారికి దండాలు.

కార్డు అంచుకొచ్చేశాను. ఇప్పుడు స్వెట్టర్ లోపల, కోటు పైన. ఎవరికీ కనబడకపోయినా మీరు పక్కనే ఉన్నట్టుంటుంది. అందుకే దాన్ని ఇంతవరకు ఉతకలేదు, నవ్వకండి. అయినా మీ వాసన తగ్గిపోతోంది. వదిన తిరిగొచ్చేటప్పుడు ఇంకోటి పంపండి. కొత్తది వద్దు. మీరు తొడిగి విడిచింది, ఉతక్కుండా.