రెప్పల్లో పేలు

మంగళవారం, రాత్రి

నెల నుంచి కళ్ళు దురదపెడుతుంటే రెప్పలకు చుండ్రు పట్టిందనుకున్నాను. ఇవాళ బెజవాడలో కంటి డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, రెప్పవెంట్రుకలకు పేలు పట్టాయంది. తలలో పేలు కావట, ఒంటి వెంట్రుకల్లో ఉండే రకమట. చిన్న పట్టకారుతో ఓపిగ్గా ఒక్కొక్కటే తీసి, ఆయింట్‌మెంటు రాసిచ్చింది.

"మీవారినీ తీసుకురండమ్మా. ఒక్కోసారి తువ్వాళ్ళ వల్ల వస్తాయిగానీ, ఎక్కువగా పక్క పంచుకునేవాళ్ళ నుంచే," అంది మెల్లగా.

ఉయ్యూరు చేరేదాకా బస్సులో ఆ మాటే మనసులో నలిగింది.

ఇంటికి రాగానే పేల సంగతి చెప్పి, డాక్టరమ్మ ఆయన్నీ రమ్మందన్నాను.

"నాకేం లేదే!" అన్నారు టీవీ వైపు చూస్తూ.

"లేకపోయినా రేపు వస్తున్నారండీ."

ఛానల్ మారుస్తూ "సరే" అన్నారు. ఎందుకని మాత్రం అడగలేదు.

దుప్పట్లు, తువ్వాళ్ళు అన్నీ వేడినీళ్ళలో ఉతికాను. ముందు ఇద్దరికీ వైద్యం కావాలి. ఎక్కణ్ణుంచి వచ్చాయని తిరుగు బస్సులో అడుగుతాను. ఏం చెప్పినా వింటాను. అడక్కుండా మాత్రం ఉండను.