ఫైలు తీసెయ్యమంటే

ఆర్.కె. పురం, ఢిల్లీ
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

నీ చెల్లెలు వనజ దణ్ణాలు పెట్టి రాస్తున్న కబుర్లు. నువ్వూ, బావగారూ, చింటూ కులాసాయేనా? అత్తయ్యగారి మోకాలినొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. ముందే చెబుతున్నాను, చదివి కంగారు పడకు. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకరు పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. అందుకని కాగితం తీశాను.

ఎండలు మండిపోతున్నాయి. మన గోదావరి ఎండలా చెమట కూడా పట్టదు, ఒంట్లో తడంతా గాలి పీల్చేసుకుంటుంది. ఇంటావిడ తెలుగావిడే, ఆంటీ అనే పిలుస్తాను. వారానికి మూడుసార్లు రాజ్మా వండుతుంది. బాగానే ఉంటుంది, తింటున్నాను, నిజంగా. కానీ కందిపొడి పంపించు. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టు. పోయినసారి సగం కొరియరువాళ్ళ సంచీకే సరిపోయింది.

అసలు సంగతికి వస్తాను. ఇప్పటికే మూడుసార్లు లేచి వరండాలోకి వెళ్ళొచ్చాను. ఈమధ్య కుదురుగా ఒకచోట కూర్చోలేకపోతున్నానక్కా.

సోమవారం ఆఫీసులో మా మేడమ్, అంటే మా సెక్షన్ ఆఫీసరు, మీటింగుకి పరుగెడుతూ గుమ్మంలోంచి కేకేసింది. "వనజా, ట్రాన్స్‌ఫర్ వాలీ పురానీ ఫైల్ హటా దో, నయీ బనా దీ హై." బదిలీల పాత ఫైలు తీసెయ్యి, కొత్తది చేసేశాను అని. "అచ్ఛా మేడమ్" అన్నాను. నా హిందీకి ఆ రెండు మాటలే ధైర్యం.

ఇప్పుడు నీకో ప్రశ్న. ఫైలు అంటే ఏమిటి? బడి వదలగానే నీ ఆఫీసుకొచ్చి, నీ బల్ల పక్కన లెక్కలు చేసుకుంటూ పెరిగినదాన్ని. నాకు తెలిసిన ఫైలు అట్టలు వేసి, నాడా కట్టి, లోపల అర్జీలూ నోట్లూ అన్నీ ఉండే కట్ట. "ఆ ఫైలు ఇలా తే" అంటే రెండు చేతులతో మోసుకొచ్చేదాన్ని. ఒక్క కాగితాన్ని నువ్వెప్పుడూ ఫైలు అనలేదు.

కంప్యూటర్లో అది తిరగబడింది. అక్కడ ఫైలు అంటే ఆ ఒక్క కాగితమే. కట్టని ఫోల్డర్ అంటారు. ట్రైనింగులో చెప్పారు, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ చెవిన పడగానే బుర్రలో మెదిలింది నీ నాడా కట్టే!

బదిలీలు అని పేరున్న ఫోల్డర్ కనబడింది. మొత్తం తీసేశాను. "నిజంగానేనా?" అని యంత్రం పాపం అడిగింది కూడా. అవునన్నాను. మేడమ్ తీసెయ్యమన్నది అందులో అదే పేరుతో ఉన్న పాత జాబితా ఒక్కటే.

ఆ ఫోల్డర్‌లో ఏముందో తెలుసా? సొంత ఊళ్ళకి వెళ్ళిపోతామని మా వాళ్ళు పెట్టుకున్న అర్జీలు. నలభైకి పైనే. ఈ ఏడాది కాగితాలు లేవు, ఎవరిది వాళ్ళే కంప్యూటర్లో పెట్టారు. శుక్రవారంలోగా పైకి పంపకపోతే అందరూ ఇంకో ఏడాది ఇక్కడే. ఇంటిమీద బెంగతో అన్నం సహించని నేను, ఇంతమంది ఇంటిదారి మూసేశాను.

మేడమ్ తిరిగొచ్చి చూసి, "పూరా ఫోల్డర్ ఉడా దియా?" అంది, ఫోల్డర్ మొత్తం ఎగరగొట్టేశావా అని. అరవలేదు. అరిచినా బాగుండేది. ఎందుకు చేశావో రాసివ్వు అంది. రెండేళ్ళు నిండితేగాని నా ఉద్యోగం ఖాయం కాదని నీకు తెలుసుగా. అప్పుడే, నీ దగ్గర దాచడమెందుకు, రాజీనామా కూడా టైపు చేసి పెట్టుకున్నాను.

కంప్యూటర్ విభాగం ఆయన దగ్గర అంతకుముందు గురువారం నాటి నకలు దొరికింది. ఆ తర్వాత వచ్చిన అయిదు మాత్రం లేవు. ఆ అయిదుగురి పేర్లూ చీటీ మీద రాసిచ్చాడు. నలుగురి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి, ఈసారి కాగితం ఫారాల మీద మళ్ళీ రాయించాను. వాళ్ళలో ఒక పెద్దాయన సెలవులో ఉంటే మెట్రో ఎక్కి కరోల్ బాగ్ దాకా వెళ్ళాను. నాలుగు చీవాట్లు పెడతాడనుకున్నా. "కోయీ బాత్ నహీ బేటా, పహలే పానీ పీ లో" అన్నాడు. ఫరవాలేదమ్మా, ముందు నీళ్ళు తాగు అని గ్లాసు చేతికిచ్చాడు. పరాయి మనిషి ఇంట్లో నీళ్ళు తాగుతూ ఏడ్చేశాను. సిగ్గేసింది.

అయిదో పేరు మేడమ్‌ది.

ఆవిడ భర్తా కూతురూ డెహ్రాడూన్‌లో ఉంటారని తర్వాత ఆవిడ నింపిన ఫారంలో చూశాను. ఆఫీసులో ఎవరికీ తెలియదు. నా తప్పు గురించి అడిగిందేగాని, తన అర్జీ పోయిందని ఒక్క ముక్క అనలేదు. ఖాళీ ఫారం బల్లమీద పెట్టి నిలబడ్డాను. తలుపు వెయ్యమంది. ఫారం నింపి సంతకం చేసింది. నేను వెనక్కి తిరుగుతుంటే, "తుమ్హారా మన్ నహీ లగ్తా యహా, హై నా?" అని అడిగింది. నీకు ఇక్కడ మనసు నిలవడం లేదు కదా అని. అబద్ధం ఆడలేకపోయాను. లేదన్నాను.

"మేరా భీ నహీ. నౌ సాల్ హో గయే."

నాకూ నిలవదు, తొమ్మిదేళ్ళయింది అని. తొమ్మిదేళ్ళక్కా! ఆ మాట విని ధైర్యం తెచ్చుకోవాలో భయపడాలో ఇప్పటికీ తెలియడం లేదు.

శుక్రవారం అన్నీ పైకి వెళ్ళాయి. నేను రాసిచ్చిన జవాబు మేడమ్ చదివి సొరుగులో పెట్టుకుంది. మెమో ఇస్తుందో లేదో తెలియదు. ఇచ్చినా తీసుకుంటాను.

వచ్చే నెలనుంచి నీ సీటు కూడా కంప్యూటర్ మీదకి మారుతుందన్నావు. ఎవరైనా ఫైలు తీసెయ్యమంటే, కాగితమా కట్టా అని అడుగు. నవ్వితే నవ్వనీ.

అత్తయ్యగారికీ బావగారికీ నా నమస్కారాలు. చింటూకి ముద్దులు. నువ్వు నన్ను దీవిస్తూ రెండు ముక్కలు రాయి, నీ చేత్తోనే.

నిన్న నా రాజీనామా తీసేశాను. ఆ ఒక్క ఫైలే. ఫోల్డర్ జోలికి పోలేదు, రెండుసార్లు చూసుకున్నాను.

నీ చెల్లెలు,
వనజ